బాక్సు కొట్టిన పేరాలు

పాఠం చెప్పడమంటే నాకు భయం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు గానీ, ఆ రోజుల్లో బయటపడితే ఉద్యోగం ఉండేది కాదు. డెబ్బైల చివర హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. వరంగల్ బజారులో మాది కిరాణా దుకాణం. మా ఇళ్లలో ఆడపిల్ల ఎమ్మెస్సీ దాకా చదవడం నాతోనే మొదలు. మా నాన్న గల్లా పెట్టె ముందు కూర్చుని, చింతపండు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా "మా బిడ్డ లెక్చరర్" అని చెప్పేవాడు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా లోపలికి జారుకునేదాన్ని. ఆయన బిడ్డకు మార్కులు వచ్చాయి గానీ కెమిస్ట్రీ రాలేదని ఆయనకేం తెలుసు?

క్లాసులో నా భయం ఒక్కటే. ఎవరో ఒకరు లేచి "ఎందుకు మేడం?" అంటారని. చాక్‌పీసు చేతి చెమటకు తడిసి బోర్డు మీద గీత పడేది కాదు. వెనక బెంచీలో ఎవడైనా కదిలితే చాలు, వీడు లేస్తున్నాడు, అయిపోయాను అనుకునేదాన్ని.

ఆ భయానికి మందు మా గురువులే కనిపెట్టి పెట్టారు. దాన్ని బాక్సు అనేవాళ్లం. కొత్త పాఠం మొదలుపెట్టిన రోజు పాఠం చెప్పడం ఉండదు. అందరూ పుస్తకాలు తెరిచి పెన్సిళ్లు పట్టుకుంటారు. "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా బాక్సు కొట్టుకోండి, పరీక్షకు రాదు" అంటాను. ఎనభై పెన్సిళ్లు ఒక్కసారి గరగరమంటాయి. ఆ పేరా చుట్టూ నాలుగు గీతలు పడ్డాయంటే ఇక దాన్ని ఎవరూ చదవక్కర్లేదు, ఎవరూ అడగక్కర్లేదు. నేను చెప్పక్కర్లేదు.

ఏవేవి బాక్సులోకి పోయేవో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. "అయితే" అని మొదలయ్యే పేరా ఏదైనా సరే బాక్సులోకే. ఒక సూత్రం ఎప్పుడు పనిచేయదో చెప్పే వాక్యాలు బాక్సులోకి. ప్రయోగం చివర జాగ్రత్తలు అని ఉంటే అవీ బాక్సులోకి. నాకు అర్థం కానివైతే మొట్టమొదట పోయేవి. నా సొంత పుస్తకంలో నేను చదువుకునే రోజుల్లో మా సారు కొట్టించిన బాక్సులే ఉండేవి. వాటినే పిల్లల చేత కొట్టించేదాన్ని. అంటే వాటి లోపల ఏముందో నేనూ ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. ముందు గొర్రె ఎటు పోతే వెనక గొర్రె అటే.

రిజల్టు మాత్రం బాగా వచ్చేది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ మెచ్చుకునేవారు. హనుమకొండ చౌరస్తా దగ్గర పాత పుస్తకాల కొట్లలో మా పిల్లల పుస్తకాలకు మంచి గిరాకీ. బాక్సులు ముందే కొట్టి ఉంటాయి, ఇంకేం కావాలి?

ఎనభై మూడో నాలుగో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు మొదటి బెంచీలో ఒక పిల్ల కూర్చునేది. మరిపెడ దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు. హనుమకొండలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. శనివారం కాలేజీ కాగానే ఎర్ర బస్సెక్కి ఊరికి, ఆదివారం సాయంత్రం మళ్లీ వెనక్కి. మిగతావాళ్లు చేత్తో గీకేస్తే ఈ పిల్ల స్కేలు పెట్టి బాక్సు కొట్టేది, మూలలు కూడా తేడా రాకుండా. బాక్సు బయట ఉన్నది కామాతో సహా అప్పజెప్పేది. లోపల ఉన్నదాని జోలికి పోయేది కాదు. నాకు ఆ పిల్లంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే ఎన్నడూ ప్రశ్న అడగలేదు.

వాళ్ల ఊళ్లో ఆ పిల్లకు పెద్ద పేరు. దవాఖాన చీటీ గానీ, బ్యాంకు కాగితం గానీ, కరెంటు వాళ్ల నోటీసు గానీ, ఏది వచ్చినా ఆదివారం దాకా దాచిపెట్టి, సైన్సు చదివే పిల్ల వచ్చాక చదివించుకునేవారట. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మరీ. ఇదంతా ఆ పిల్లే ఒకసారి మురిసిపోతూ చెప్పింది.

ఒక సోమవారం పొద్దున ల్యాబులో ఉన్నాం. పిల్లలు పిప్పెట్లు నోట్లో పెట్టుకుని పీలుస్తున్నారు. (అలా పీల్చడం గురించిన జాగ్రత్త కూడా మా పుస్తకంలో బాక్సులోనే ఉండేది.) ఈ పిల్ల రికార్డు పుస్తకంలోంచి ఒక మడత కాగితం తీసి నా చేతికిచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మేడం, గిది చూడున్రి. మన లెస్సన్ల ఉన్న ఫాస్ఫరస్సే! మా బాపు పత్తికి కొత్త మందు తెచ్చిండు. దాంతోని వచ్చిన కాయితం. నిన్న బాపుకు నేనే సదివి చెప్పిన."

పత్తి అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులు. మందు కొట్టడం కూడా కొత్తే. కాగితం జానెడు ఉంది, అక్షరాలు చీమ తలలంత ఉన్నాయి. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు. పైన పంట పేరు, పురుగుల పేర్లు, ఎకరానికి ఎంత మందు, ఎన్ని నీళ్లు. కింద నల్లటి గీతలతో ఒక బాక్సు, దాని నిండా ఊపిరాడని అక్షరాలు.

"మొత్తం చదివి చెప్పినవా?" అన్నాను, ఊరికే.

"చెప్పిన మేడం. ఎంత మందు, ఎన్ని నీళ్లు, ఎన్నిసార్లు కొట్టాలె, అన్ని చెప్పిన."

"మరి ఇది?" అని కింద వేలు పెట్టి చూపించాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఇంత తెలిసిన మేడం ఇదేం ప్రశ్న అడుగుతోంది అన్నట్టు.

"అది బాక్సు కొట్టి ఉంది కద మేడం. అవసరం లేనిదనుకున్న."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడే నిలబడి మొదటి రెండు వాక్యాలు చదివాను. "మందును నీటిలో చేతితో కలుపరాదు. గాలికి ఎదురుగా నిలిచి పిచికారీ చేయరాదు."

"మీ బాపు మందు ఎట్ల కలుపుతడు?"

"చెయ్యి పెట్టే మేడం. మోచేతి దాక ముంచి కలుపుతడు. కట్టెతోని కలిపితె సక్కగ కలువదంటడు."

"ఎప్పుడు కొడ్తడు?"

"ఇయ్యాల్నే. పొద్దుగాల్నే మొదలువెట్టి ఉంటడు." అప్పటికి ఆ పిల్లకు ఏదో తట్టింది. మొహం పాలిపోయింది. "ఎందుకు మేడం?"

అన్నేళ్లుగా నేను భయపడిన ప్రశ్న అదే. అడిగింది నన్ను ఎన్నడూ ఏదీ అడగని పిల్ల.

వాళ్ల ఊళ్లో ఫోను లేదు. ప్రిన్సిపాల్ గారికి మా నాన్నకు ఒంట్లో బాగాలేదని అబద్ధం రాసి, మేనత్తకు అటెండరుతో కబురు పంపి, ఆ పిల్లను వెంటబెట్టుకుని వరంగల్ బస్టాండుకు పరుగెత్తాను. ఖమ్మం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వెనక చక్రం మీది సీటు దొరికింది. ఎందుకు వెళ్తున్నానో నిజం చెప్పాలి. ఆ మనిషి ప్రాణం కోసం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణంలో మాత్రం, ఆయనకేమైనా అయితే ఈ పిల్ల పదిమందిలో "మేడమే చెప్పింది" అంటుందన్న భయమే ముందు తట్టింది. ప్రాణం సంగతి మామునూరు దాటాక గుర్తొచ్చింది.

బస్సులో కాగితం ఇద్దరి మోకాళ్ల మీద పరుచుకున్నాం. బస్సు కుదుపులకు అక్షరాలు ఎగురుతున్నాయి. తెలుగే, అయినా మనుషులు మాట్లాడే తెలుగు కాదు. "అధిక స్వేదము, లాలాజల స్రావము, వమనము, కనుపాప సూదిమొనవలె కుంచించుకొనుట" అని ఉంది.

"స్వేదమంటె ఏంది మేడం?"

"చెమట."

"లాలాజలం నాకెర్క. జువాలజీల ఉన్నది. లాలాజలంలో టయలిన్ అను ఎంజైము ఉండును." గడగడా అప్పజెప్పింది. తర్వాత ఆగింది. చేయి నోటి దగ్గరికి పోయింది. "అంటె... ఉమ్మే కదా మేడం?"

దాని మీద ఆ పిల్లకు ఫుల్ మార్కులు వచ్చి ఉంటాయి. అది తన నోట్లోనే ఉందని ఆ రోజు వర్ధన్నపేట దగ్గర బస్సులో తెలిసింది. నవ్వు రావలసిన మాటే. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

అలా ఒక్కో మాటా తవ్వుకుంటూ పోయాం. ఒక వాక్యం అయితే గానీ రెండోదానికి పోలేదు. ప్రతి వాక్యాన్నీ ఆ పిల్ల వాళ్ల బాపుకు చెబుతున్నట్టు తన మాటల్లో నాకు చెప్పాలి. ఎవరు చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది అని నేను అడగాలి. ఇదేదో గొప్ప పద్ధతి అని చేయలేదు, భయంలో అలా నోటికొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక కాగితాన్ని నిజంగా చదవడం అదే మొదటిసారి. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ రాలేదని మా నాన్న బాధపడేవాడు. చదవడమే రాదని ఆయనకు తెలియకపోవడమే మంచిదైంది.

తొర్రూరు దగ్గర ఒక వాక్యం దగ్గర ఆగిపోయాం. "తడిసిన వస్త్రములను వెంటనే తొలగించి శరీరమును సబ్బుతో కడుగుకొనవలెను; అస్వస్థత కనిపించకున్నను ఇది తప్పదు." దాని కింద ఇంకొకటి. "విష లక్షణములు కొన్ని గంటల పిమ్మట సైతము ప్రారంభము కావచ్చును."

ఆ పిల్ల రెండుసార్లు చదివింది. "అంటె మేడం, మనం పొయ్యేసరికి బాపు మంచిగ ఉన్నా..."

  మరిపెడ వచ్చేదాకా కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాను. దిగాక చూస్తే చేతికి తుప్పు అంటుకుని ఉంది.

మరిపెడలో దిగి రెండు మైళ్లు చేల గట్ల మీద నడిచాం. నడక ఏమిటి, పరుగే. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తే పంతులమ్మను చూసి కలుపు తీసేవాళ్లు లేచి నిలబడ్డారు. ఊళ్లోకి పోయేసరికి వాళ్ల బాపు ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ధోవతి మోకాళ్ల దాకా తడిసి ఉంది. మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏంది బిడ్డా, పంతులమ్మను తోల్కొచ్చినవ్? కాలేజీల ఏమన్న లొల్లి వెట్టినవా?"

ముందు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. మందు ఎట్లా కలిపాడో, ఎట్లా కొట్టాడో అడిగాను. చేత్తోనే కలిపాడు, గాలి ఎటుందో చూడలేదు. చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు. ఒక ముసలాయన, "మందు పురుగులకు గదమ్మా, మనుషులకేమైతది?" అన్నాడు. అందరూ నవ్వారు. మా కాలేజీలో వెనక బెంచీ నవ్వితే ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. నిజం చెప్తున్నాను, ఆ నవ్వు వినగానే నాకు వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. మనిషి కళ్ల ముందు బాగున్నాడు. ఏదో కాగితంలో ఏదో రాసి ఉంది. మరుసటి బస్సు ఎప్పుడో అని కూడా ఆలోచించాను.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. కాగితం విప్పింది.

"నిన్న నేను నీకు సగమే సదివిన బాపు. తప్పు చేసిన. మంచిగున్నా సరే, బట్టలిప్పి సబ్బుతోని కడుక్కోవాలెనని ఉన్నది. గంటల తర్వాత గూడ ఎక్కుతదట. అవ్వా, నీళ్లు తోడు."

"అన్నం తిన్నంక చేస్త తియ్."

"వద్దు. బీడీ గూడ పారెయ్. చెయ్యి కడగంది నోట్లె ఏం పెట్టకు."

ఆ గొంతు నాకు కొత్త. అప్పజెప్పే గొంతు కాదది. ఆయన సణుక్కుంటూనే లేచాడు. వాళ్లమ్మ బట్టల సబ్బుతో రుద్ది రుద్ది నీళ్లు పోసింది. ఆ తర్వాత ఆయన్ను నీడన కూర్చోబెట్టి మేం ఎదురుగా కూర్చున్నాం. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను ఆయన కళ్లలోకే చూస్తూ ఉన్నాను. ఏ పరీక్ష హాలులోనూ నేను అంత భయపడలేదు. ఏమీ కాకూడదని మొక్కుకుంటున్నాను, ఏమీ కాకపోతే వీళ్ల ముందు ఎంత వెర్రిదాన్నవుతానో అని కూడా అనుకుంటున్నాను. రెండు భయాలూ ఒకే గుండెలో ఎట్లా పట్టాయో ఇప్పటికీ తెలియదు.

ఒక గంట గడిచిందేమో. స్నానం చేసిన మనిషికి నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకున్నాడు, మళ్లీ పట్టింది. పక్కకు తిరిగి ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు. చొంగ కారడం మొదలైంది.

"జర కడుపుల తిప్పుతాంది. పొద్దటి కెల్లి ఎండల ఉంటి గద," అన్నాడు.

ఆ పిల్ల లేచి వెళ్లి వాళ్ల బాపు గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పింది. నా వైపు చూసి, "మేడం, సూదిమొన," అంది. అంతే అంది.

ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరు కట్టించి మరిపెడ తీసుకుపోయేలోపల ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అక్కడి చిన్న దవాఖానలో డాక్టరు కుర్రవాడు, అలసిపోయి ఉన్నాడు. పొట్ట నొక్కి చూసి, "రాత్రి కల్లు తాగిండా? ఏం తిన్నడు?" అన్నాడు. వాళ్లమ్మ ఏడుస్తోంది. నేను ఆమెను పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల కాగితాన్ని డాక్టరు మొహం ముందు పెట్టి, బాక్సులో చివరి వాక్యం మీద వేలుంచి, గట్టిగా చదివింది.

"వైద్యులకు సూచన: విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వవలెను."

డాక్టరు కాగితం లాక్కుని చదివాడు. టార్చి వేసి కళ్లు చూశాడు. ఆ తర్వాత ఆయన కూర్చోలేదు. కాంపౌండరును మెడికల్ షాపుకు పరుగెత్తించాడు, ఉన్న సూదులన్నీ తెప్పించాడు, ఒకటి వేసి, మిగతావి ఇచ్చి, పొద్దుగూకకముందే మమ్మల్ని వరంగల్ పెద్ద దవాఖానకు జీపులో పంపించాడు. బయల్దేరేటప్పుడు ఆ పిల్లతో, "కాయితం తేకపోతే నేను కల్లే అనుకుందును," అన్నాడు. మంచి మనిషి. తన తప్పును తానే చెప్పుకున్నాడు. నేను ఆ పనీ చేయలేదు.

పదిరోజులకు వాళ్ల బాపు లేచి కూర్చున్నాడు. చూడ్డానికి వెళ్తే రెండు చేతులూ జోడించి, "నీ సదువే నన్ను బతికిచ్చింది పంతులమ్మా. మంచిగ చెప్తాండ్రు పిల్లలకు," అన్నాడు. ఆ పిల్ల పక్కనే నిలబడి నీళ్ల గ్లాసు కడుగుతోంది. తల ఎత్తలేదు. బాక్సు సంగతి ఇంట్లో చెప్పలేదని అప్పుడర్థమైంది. నన్ను కాపాడింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, ఆ దండం నేను మోయలేకపోయాను.

తర్వాతి వారం క్లాసులో రబ్బర్లు తెచ్చుకోమన్నాను. బాక్సులన్నీ చెరిపెయ్యమన్నాను. ఎనభై మందీ నాకు పిచ్చెక్కిందన్నట్టు చూశారు. వెనక బెంచీ లేచింది.

"ఇవి పరీక్షకు వస్తయా మేడం?"

"రావు."

"మరెందుకు మేడం?"

 బల్ల పట్టుకున్నాను. "ఇందులో ఏముందో నాకు కూడా తెలియదు. నేనెప్పుడూ చదవలేదు. కలిసి చదువుదాం," అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక పేరాకు మూడు పీరియడ్లు పట్టింది. ఎవరు చేస్తున్నారు, ఎప్పుడు, లేకపోతే ఏమవుతుంది అని ఒక్కో వాక్యాన్నీ పిల్లలు తమ మాటల్లో చెప్పేవారు. చాలాసార్లు నాకంటే ముందే వాళ్లకు అర్థమయ్యేది. సిలబస్ వెనకబడింది. ప్రిన్సిపాల్ గారు పిలిచి చివాట్లు పెట్టారు. ఆ ఏడు రిజల్టు తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు, చోటు మారింది. పిల్లలు అడుగుతారేమోనని కాదు, అడగకుండా వెళ్లిపోతారేమోనని.

నాలుగైదేళ్ల తర్వాత, ఒక సాయంత్రం చౌరస్తా దగ్గర పాత పుస్తకాల కొట్టు ముందు ఆగాను. ఇంటర్ కెమిస్ట్రీ ఒకటి కనిపిస్తే తీసి చూశాను. నా బాక్సులే. ఎవరో స్కెచ్ పెన్నుతో దిద్ది ఇంకా గట్టిపరిచారు. ఒక పేజీ అంచున "మేడం చెప్పింది: రాదు" అని రాసి ఉంది. ఆ పిల్ల కంటే ముందు ఏటా ఎనభై మంది చేత కొట్టించానే, వాళ్లు చెరిపారా? వాళ్ల దగ్గర కొనుక్కున్నవాళ్లు?

అంతలో నా పక్కకు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. జడలకు రిబ్బన్లు, భుజాన సంచి. కొట్టు అతన్ని అడిగింది.

"అన్నా, ఇంటర్ కెమిస్ట్రీ, బాక్సులు కొట్టింది ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. ఆ మేడం చేతిల ఉన్నదే."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "మీరు తీసుకుంటాండ్రా మేడం?"

తీసుకుంటున్నానన్నాను. బాక్సులు కొట్టిన పుస్తకం కొనొద్దు తల్లీ అని మొదలుపెట్టి, ఆ కాగితం సంగతి, ఆ బాపు సంగతి చెప్పబోయాను. ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపింది గానీ వినలేదు, దాని కళ్లు అప్పటికే పక్కకు వెళ్లిపోయాయి. ఆ వరుసలో ఇంకా నాలుగు కొట్లున్నాయి.